స్క్రీన్ మీద బొమ్మ ఎవరు గీస్తున్నారు?



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 పెట్టడానికి వీల్లేని ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. అవేమీ పాడైపోలేదు. కీబోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది. అందుకని కొందరు వాటిలో లినక్స్ పెట్టుకుంటున్నారు. డబ్బు కట్టక్కర్లేదు, పాత మెషీన్ మీదా చక్కగా నడుస్తుంది. అయితే ఆ తర్వాత కొన్ని ల్యాప్‌టాప్‌లలో కొత్త గోల మొదలవుతుంది. పనేమీ చేయకపోయినా ఫ్యాన్ హోరుమంటుంది. చిన్న వీడియో పెడితే చాలు, పక్కగదిలోకి వినిపిస్తుంది. ఈ మోత ఎందుకొస్తుంది, దాన్ని ఎలా తగ్గించుకోవాలి అన్నదే ఈ పూట మన విషయం. నేను చెప్పబోయేది ఒక్కటే మాట. ఫ్యాన్ మోతకు విరుగుడు ఫ్యాన్ దగ్గర లేదు, వేడి పుట్టే చోట ఉంది. లినక్స్‌లో ఆ చోటు వెతకాలంటే ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. స్క్రీన్ మీద బొమ్మ ఎవరు గీస్తున్నారు? ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. చివరిదాకా దీనితోనే పని.

ముందు ఫ్యాన్ సంగతి చూద్దాం. చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్‌ను తిప్పేది లినక్స్ కాదు, విండోసూ కాదు. మదర్‌బోర్డు మీద చిన్న కంట్రోలర్ చిప్ ఒకటి ఉంటుంది. అది ప్రాసెసర్ వేడిని కనిపెడుతూ ఉంటుంది. వేడి పెరిగితే ఫ్యాన్ వేగం పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. అంటే మోత వస్తోందంటే లోపల వేడి ఉందని ఫ్యాన్ మనకు చెబుతోందన్నమాట. వంటింట్లో కుక్కర్ మాటిమాటికీ విజిల్ వేస్తుంటే ఎవరూ ఆ వెయిట్‌ను చేత్తో అదిమిపట్టరు. స్టవ్ తగ్గిస్తారు. ఇక్కడా అంతే. అయితే వేడిని కాస్త తగ్గించినంత మాత్రాన మోత పోతుందా అని మీకు సందేహం రావచ్చు. పోతుంది. ఫ్యాన్ వేగానికీ శబ్దానికీ ఉన్న సంబంధం అలాంటిది. ఇంజనీర్ల లెక్క ప్రకారం, వేగం సగానికి తగ్గితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. చెవికి అది చాలా పెద్ద తేడా. కాబట్టి లోపల పుట్టే వేడిలో కొద్ది వాట్లు తగ్గించగలిగినా గది నిశ్శబ్దంగా మారుతుంది. మరి ఆ వాట్లు ఎక్కడ వృథాగా పోతున్నాయి?

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. స్క్రీన్ మీద బొమ్మ ఎవరు గీస్తున్నారు? ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. బొమ్మలు గీయడానికి మాత్రం గ్రాఫిక్స్ చిప్ వేరేగా ఉంటుంది. చాలా వాటిలో అది ప్రాసెసర్ లోపలే ఒక భాగం. మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. కదిలే బొమ్మ నున్నగా కనిపించాలంటే వాటిని సెకనుకు 60 సార్లు మార్చాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలు. గ్రాఫిక్స్ చిప్‌ను తయారుచేసిందే ఈ పని కోసం. తక్కువ కరెంటుతో, పెద్దగా వేడెక్కకుండా చేసేస్తుంది. అయితే ఆ చిప్‌తో పని చేయించాలంటే మధ్యలో ఒక ప్రోగ్రాం ఉండాలి. దాన్నే గ్రాఫిక్స్ డ్రైవర్ అంటాం. డ్రైవర్ లేకపోతే ఏమవుతుంది? స్క్రీన్ ఆరిపోదు. అదే ఇక్కడ తిరకాసు. బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, మౌస్ కదులుతూనే ఉంటుంది. కానీ ఆ కోట్ల చుక్కల లెక్క మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. అది ఆ పనికి అనువైనది కాదు. అందుకే అదే బొమ్మ గీయడానికి ఎన్నో రెట్లు కష్టపడుతుంది, వేడెక్కుతుంది. ఫ్యాన్ మోగుతుంది. మనమేమో డ్రైవర్ సంగతి ఎరగక ఫ్యాన్‌ను తిడుతుంటాం.

మీ ల్యాప్‌టాప్‌లో ఎవరు గీస్తున్నారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పెద్ద పెద్ద కమాండ్లు అక్కర్లేదు. లినక్స్‌లో ఉబుంటు అనే రకం వాడేవారు సెట్టింగ్స్ తెరవండి. అందులో సిస్టమ్, దాని కింద అబౌట్. అక్కడ మెషీన్ వివరాల్లో గ్రాఫిక్స్ అని ఒక లైను ఉంటుంది. ఆ లైనులో ఇంటెల్ అనో, ఏఎండీ అనో, ఎన్విడియా అనో పేరు కనిపిస్తే మీ చిప్ పని చేస్తున్నట్టే. అలా కాకుండా ఎల్ ఎల్ వి ఎం పైప్ అని ఉందనుకోండి. ఆ మాటను అలాగే రాసిపెట్టుకోండి. ఎల్ ఎల్ వి ఎం పైప్ అంటే బొమ్మలను ప్రాసెసర్‌తోనే గీయించే ప్రోగ్రాం. అది కనిపించిందంటే మీ ఫ్యాన్ మోతకు కారణం దొరికినట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. సిస్టమ్ మానిటర్ అనే ప్రోగ్రాం తెరిచి, ఎవరు ఎంత ప్రాసెసర్ వాడుతున్నారో చూడండి. మీరింకేమీ చేయకుండా విండోలను అటూ ఇటూ జరిపినంత మాత్రాన, డెస్క్‌టాప్‌ను నడిపే గ్నోమ్ షెల్ అనే పేరు పైకి ఎగబాకి కూర్చుంటే, అది కూడా ఇదే మాట చెబుతోంది.

ఇలా ఎందుకవుతుంది? ముఖ్యంగా మూడు దారుల్లో అవుతుంది. ఒకటి, లినక్స్ పెట్టేటప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోయిందని సేఫ్ గ్రాఫిక్స్ అనే ఎంపికతో మొదలుపెడతారు. అది నోమోడ్‌సెట్ అనే సూచన ఇస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోవద్దని ఆ సూచన అర్థం. గండం గట్టెక్కడానికి అది మంచిదే. కానీ తర్వాత కూడా ఆ సూచన బూట్ సెట్టింగ్స్‌లో ఉండిపోతే డ్రైవర్ ఎప్పటికీ లేవదు. రెండో దారి సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైనవని తేలని ప్రోగ్రాములను మెషీన్ మొదలయ్యేటప్పుడు అడ్డుకునే కాపలా. అది ఆన్‌లో ఉంటే ఎన్విడియా డ్రైవర్ పెట్టేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు స్క్రీన్ ఒకటి వస్తుంది. అక్కడ ఎన్‌రోల్ అనే మాటను ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది ఆ నీలం స్క్రీన్ చూసి ఏదో తప్పు జరిగిందనుకుని దాటేస్తారు. అప్పుడు డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది గానీ, సెక్యూర్ బూట్ దాన్ని నడవనివ్వదు. మూడోది అప్‌డేట్. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడు ఎన్విడియా డ్రైవర్ కూడా దానికి తగ్గట్టు మళ్ళీ సిద్ధం కావాలి. అది విఫలమైతే నిన్నటిదాకా చల్లగా ఉన్న మెషీన్ ఇవాళ వేడెక్కుతుంది. అలాంటప్పుడు రీస్టార్ట్ చేసి, బూట్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నెల్ ఎంచుకుని చూడండి. మోత ఆగిపోతే తప్పు అప్‌డేట్ దగ్గరుందని తేలిపోతుంది.

మరి సరిదిద్దడం ఎలా? మీది ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ అయితే వెబ్‌సైట్లలో డ్రైవర్ల కోసం వెతక్కండి. వాటి డ్రైవర్లు కెర్నెల్‌లోనూ, మీసా అనే ప్రోగ్రాముల కట్టలోనూ ముందే ఉంటాయి. సిస్టమ్‌ను పూర్తిగా అప్‌డేట్ చేయడం, నోమోడ్‌సెట్ ఉంటే తీసేయడం, చాలాసార్లు ఇంతే. మీది ఎన్విడియా అయితే ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అనే ప్రోగ్రాం, మింట్ అనే మరో రకం లినక్స్‌లో డ్రైవర్ మేనేజర్ అనే ప్రోగ్రాం ఉంటాయి. మీ చిప్‌కు ఏ డ్రైవర్ సరిపోతుందో అవే చూపిస్తాయి. రికమెండెడ్ అని రాసి ఉన్నది ఎంచుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఇంకా కొత్తది ఉంది కదా, అదెందుకు పెట్టకూడదని కొందరు అడుగుతారు. పెట్టకూడదని కాదు. కానీ చేత్తో అలా పెట్టిన డ్రైవర్ బాధ్యత మీదే. కెర్నెల్ మారినప్పుడల్లా దాన్ని మీరే చూసుకోవాల్సి రావచ్చు. ఉబుంటు ఇచ్చే డ్రైవర్ కొద్దిగా పాతదైనా అప్‌డేట్‌తో పాటు సాధారణంగా తనంతట తాను సర్దుకుంటుంది. మనకు కావాల్సింది కొత్త నంబరు కాదు, చల్లగా నడిచే మెషీన్.

ఇక రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌ల సంగతి. ఆటల కోసం, వీడియో ఎడిటింగ్ కోసం కొన్న వాటిలో ప్రాసెసర్ లోపల ఒకటి, విడిగా ఎన్విడియాది ఒకటి ఉంటాయి. ఇక్కడ మన ప్రశ్న ఇంకా ముఖ్యం. బొమ్మ ఎవరు గీస్తున్నారు? ఉత్తరం టైపు చేయడానికి చిన్న చిప్ చాలు. పెద్ద చిప్ అప్పుడు పూర్తిగా నిద్రపోవాలి. అది మేలుకుని ఖాళీగా కూర్చున్నా కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మొత్తం ఖాళీగా ఉన్నప్పుడు వాడేదే ఐదు నుంచి పది వాట్లు. కాబట్టి ఆ అదనపు వాట్లు చిన్నవేమీ కావు. ఎన్విడియా సెట్టింగ్స్‌లో ప్రైమ్ ప్రొఫైల్స్ అనే చోటు ఉంది. అక్కడ పెర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకుని ఉంటే పెద్ద చిప్ రోజంతా మేలుకునే ఉంటుంది. ఆన్ డిమాండ్‌కు మార్చి రీస్టార్ట్ చేయండి. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం, ఆపై తరాల చిప్‌లు ఈ పద్ధతిలో పూర్తిగా నిద్రపోగలవు. అంతకంటే పాతవి అలా పోలేవు. పాత చిప్ ఉండి, ఆటలు ఆడే అలవాటు లేనివారికి పవర్ సేవింగ్ మోడే మంచిది. రెండు జాగ్రత్తలు చెప్పాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ సాకెట్టును పెద్ద చిప్‌కే కలిపి ఉంటారు. అలాంటి దానికి టీవీ తగిలిస్తే పెద్ద చిప్ మేలుకోక తప్పదు. అది లోపం కాదు, తయారీయే అంత. రెండోది, పెద్ద చిప్ వేడిని క్షణక్షణం చూపించే చిన్న మీటర్లను స్క్రీన్ మీద పెట్టుకోకండి. అవి పలకరించినప్పుడల్లా ఆ చిప్ నిద్ర లేస్తుంది.

ఇప్పుడు వీడియోల గురించి. గ్రాఫిక్స్ లైను సరిగ్గానే ఉంది, ఖాళీగా ఉంటే ఫ్యాన్ మోగడం లేదు, కానీ యూట్యూబ్ పెడితే హోరు. ఇక్కడా ప్రశ్న అదే, కాకపోతే కొంచెం మారుతుంది. వీడియోను ఎవరు విప్పుతున్నారు? ఇంటర్నెట్‌లో వీడియోలు కుదించి పంపిస్తారు. వాటిని విప్పే ప్రత్యేక భాగం గ్రాఫిక్స్ చిప్‌లో ఉంటుంది. కానీ అన్ని రకాల కుదింపులూ అన్ని చిప్‌లకూ రావు. ఉదాహరణకు ఏవీ1 అనే కొత్త పద్ధతిని విప్పడం ఇంటెల్‌లో 11వ తరం నుంచి, అంటే 2020లో వచ్చిన చిప్‌ల నుంచే మొదలైంది. పాత ల్యాప్‌టాప్‌కు అలాంటి వీడియో వస్తే ప్రాసెసరే విప్పాలి. మరి కొన్నిసార్లు చిప్‌కు శక్తి ఉన్నా డ్రైవర్‌లో ఆ భాగం ఉండదు. ఫెడోరా లినక్స్ 2022లో పేటెంట్ల చిక్కుల వల్ల, బాగా వాడుకలో ఉన్న హెచ్ 264 పద్ధతిని విప్పే సాయాన్ని మీసా డ్రైవర్లలోంచి తీసేసింది. ఏఎండీ చిప్‌లు వాడేవారు ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే చోటి నుంచి దాన్ని విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. అదే ల్యాప్‌టాప్, అదే చిప్. డ్రైవర్‌లో ఒక ముక్క లేకపోయేసరికి పని ప్రాసెసర్ మీద పడింది. నేను డ్రైవర్ దగ్గరే మొదలుపెట్టమనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఫైర్‌ఫాక్స్ వాడేవారు అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, సపోర్ట్ అని టైపు చేయండి. గ్రాఫిక్స్ భాగంలో కంపోజిటింగ్ అనే లైను చూడండి. దాని ఎదురుగా సాఫ్ట్‌వేర్ అనే మాట ఉంటే బ్రౌజర్ కూడా ప్రాసెసర్‌తోనే గీయిస్తోందన్నమాట. ఏదీ కుదరని పాత మెషీన్‌లో వీడియోను 1080 నుంచి 720కి తగ్గించి చూడండి. చిన్న స్క్రీన్ మీద తేడా పెద్దగా తెలియదు. వేడి మాత్రం తగ్గుతుంది.

ఇంతవరకూ విన్నాక కొందరికి ఒక అభ్యంతరం ఉంటుంది. విండోస్‌లో ఈ బాధ లేదు కదా, అంటే లినక్స్‌దే లోపం కదా అంటారు. ఆ మాటలో సగం నిజముంది. ల్యాప్‌టాప్ కంపెనీ విండోస్‌కు కావాల్సిన డ్రైవర్లన్నీ పెట్టి, పరీక్షించి అమ్ముతుంది. లినక్స్‌కు చాలా కంపెనీలు ఆ శ్రమ తీసుకోవు. కానీ విండోస్‌లో కూడా గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి చూడండి. అక్కడా ప్రాసెసరే బొమ్మ గీస్తుంది, అక్కడా మెషీన్ మందగిస్తుంది. కాబట్టి తేడా లినక్స్‌కూ విండోస్‌కూ మధ్య కాదు. డ్రైవర్ ఉండటానికీ లేకపోవడానికీ మధ్య. ఎన్విడియా విషయంలో ఈ గొడవకు చరిత్ర ఉంది. నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్‌ను కంపెనీ వివరాలివ్వకపోయినా స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చిప్‌లను పరిశీలించి రాశారు. తర్వాత వచ్చిన చిప్‌లలో కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్, అంటే చిప్ లోపల నడిచే ప్రోగ్రాం లేనిదే చిప్ వేగం మార్చడం కుదరకుండా పోయింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఈ కంపెనీ మీద బహిరంగంగానే దుమ్మెత్తిపోశారు. 2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ డ్రైవర్ కోడ్‌ను బయటపెట్టింది. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నెల్‌తో, ట్యూరింగ్ నుంచి మొదలుపెట్టి కొత్త చిప్‌ల వేగాన్ని నూవో కూడా అదుపు చేయగలిగింది. అంటే పరిస్థితి బాగుపడుతోంది. కానీ పాత చిప్‌లకు ఆ మేలు అందలేదు. వాటిలో చాలావాటికి కంపెనీ ఇచ్చే డ్రైవరే నయం.

రెండో అభ్యంతరం. ఫ్యాన్ వేగాన్ని తగ్గించే ప్రోగ్రాములు లినక్స్‌లో ఉన్నాయి కదా, వాటితో సరిపెట్టుకోవచ్చుగా? ఉన్నాయి. తెలిసినవారు వాడుతున్నారు కూడా. కానీ వేడి తగ్గకుండా ఫ్యాన్‌ను తగ్గిస్తే ఆ వేడి లోపలే నిలిచిపోతుంది. సుమారు 100 డిగ్రీలకు చేరేసరికి చాలా ప్రాసెసర్లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. శబ్దం పోతుంది, దానితో పాటు పనీ పోతుంది. అంతగా తొందరగా ఉంటే స్క్రీన్ పైన కుడివైపు మెనూలో పవర్ మోడ్ ఉంటుంది. దాన్ని పవర్ సేవర్‌కు మార్చండి. ప్రాసెసర్ అత్యధిక వేగానికి ఎగబాకడాన్ని అది తగ్గిస్తుంది. ఆ చివరి వేగానికే ఎక్కువ వోల్టేజి కావాలి, ఎక్కువ వేడి పుడుతుంది. కాబట్టి ఉపశమనం వెంటనే ఉంటుంది. అయితే అది ఉపశమనమే. అసలు ప్రశ్నకు జవాబు వెతకడం మానకండి.

మూడో అభ్యంతరం గట్టిది. ఇదంతా ఎందుకు, దుమ్ము పట్టి ఉంటుంది, దులిపితే సరిపోతుంది అంటారు. నిజమే కావచ్చు. దుమ్మును నేను తీసిపారేయడం లేదు. మన ఎండాకాలాన్నీ మరిచిపోకూడదు. గదిలో 40 డిగ్రీలుంటే ఫ్యాన్ లోపలికి లాగే గాలీ 40 డిగ్రీలే. చలికాలంలో 25 డిగ్రీల గదిలో ఉన్నదానికంటే లోపలి వేడి కూడా దాదాపు ఆ తేడా మేరకు పెరుగుతుంది. పరుపు మీద పెట్టి వాడితే అడుగున గాలి కన్నాలు మూసుకుపోతాయి. మరి దుమ్మా, డ్రైవరా అని తేల్చేదెలా? రెండు సంగతులు కలిపి చూడాలి. పని ఎంత, వేడి ఎంత. మెషీన్ ఆన్ చేసి, ఏమీ తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి. సిస్టమ్ మానిటర్‌లో ప్రాసెసర్ పని చూడండి. సెన్సార్స్ అనే ప్రోగ్రాంతో వేడి చూడండి. పని ఎక్కువ, వేడి ఎక్కువ అయితే కారణం ప్రోగ్రాం గానీ డ్రైవర్ గానీ. పని తక్కువే అయినా వేడి 75, 80 డిగ్రీలు దాటుతుంటే, రెండు చిప్‌లున్న మెషీన్‌లో ముందు పెద్ద చిప్ నిద్రపోతోందో లేదో చూడండి. ఒకటే చిప్ ఉంటే దుమ్మునో, ఎండిపోయిన థర్మల్ పేస్టునో అనుమానించండి. మళ్ళీ చెబుతున్నాను. పని ఉండి వేడి అయితే సాఫ్ట్‌వేర్. పని లేకుండా వేడి అయితే నిద్రపోని చిప్, లేదా దుమ్ము. ఇక శబ్దం హోరులా కాకుండా గరగరమని గీసుకున్నట్టు వస్తే ఫ్యాన్ బేరింగ్ అరిగిందన్నమాట. దానికి ఏ డ్రైవరూ పనికిరాదు, ఫ్యాన్ మార్చాల్సిందే. అలాగే లినక్స్ పెట్టిన మొదటి రోజు మోత వస్తే కంగారుపడకండి. ఫైళ్ళన్నిటినీ చదివి వెతుకులాట కోసం సూచిక తయారుచేసుకునే పని వెనకాల జరుగుతుంటుంది. అది పూర్తవనివ్వండి.

చివరిగా ఒక మనవి. ఒకసారి ఒక్క మార్పే చేయండి. డ్రైవర్ మార్చి, పవర్ మోడ్ మార్చి, బ్రౌజర్ సెట్టింగ్ మార్చి, అన్నీ ఒకే గంటలో చేస్తే మోత తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. పెరిగినా తెలియదు. మార్పుకు ముందు వేడి ఎంత, తర్వాత ఎంత, రెండూ కాగితం మీద రాసుకోండి. మీవల్ల కాకపోతే తెలిసినవారిని అడగండి. అడిగేటప్పుడు ఫ్యాన్ మోగుతోంది అని ఊరుకోకండి. ల్యాప్‌టాప్ మోడల్ పేరు, అబౌట్‌లో ఉన్న గ్రాఫిక్స్ లైను, ఖాళీగా ఉన్నప్పటి వేడి, ఈ మూడూ చెప్పండి. ఈ మూడు వివరాలుంటే తెలిసినవారు సమస్యను త్వరగా పట్టుకోగలరు. ఏదైనా కొనే ముందు, దేన్నైనా విప్పే ముందు, కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ చేసే ముందు ఆ గ్రాఫిక్స్ లైను చదవండి. అందుకు రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు.